ముందు వరసలో మాతంగి

ఈ వారం ఉత్తరాల కట్టలో ఒక కవరు బాగా లావుగా తగిలింది. చించితే నాలుగు పేజీల ఉత్తరం, ఒక ఫోటో. ఫోటోలో ముగ్గురు కుర్రాళ్ళు. ముగ్గురికీ పట్టుచీరలు, చేతులనిండా గాజులు, మెళ్ళో నిమ్మకాయల దండలు, ఒంటికి నీలం రంగు, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. ఒకడికి నిక్షేపంలాంటి మీసం కూడా ఉంది.

ఉత్తరం జువ్వలదిన్నె నుంచి. నెల్లూరు జిల్లాలో బిట్రగుంట దగ్గర రైలు దిగి తూర్పు ముఖం పట్టి పోతే సముద్రం ఒడ్డున వచ్చే ఊరు. ఈమధ్య ఫిషింగ్ హార్బరు వచ్చాక పేపర్లలో పేరు కనపడుతోంది గాని, అంతకు ముందు పడవలకీ చేపలకీ తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు.

విషయం ఏమిటంటే, ఊళ్ళో అమ్మవారి కొలుపు చేశారు. కొలుపన్నాక రాత్రికి నాటకం ఉండాలి గదా! స్టేజి కట్టి, మైకులు పెట్టి, బయట ఊళ్ళ నుంచి ఆర్టిస్టుల్ని పిలిపించి "శ్రీకృష్ణ రాయబారం" వేయించారు. మనవాడూ, ఇద్దరు స్నేహితులూ "పుష్ప 2" సినిమాలో అల్లు అర్జున్ వేసిన మాతంగి గెటప్పు వేసుకుని వెళ్ళి ముందు వరసలో, ఇసకలో కూర్చున్నారు. మొదట చప్పట్లు. తర్వాత ఈలలు. ఆ తర్వాత వెనక నుంచి ఎవడో కొంగు పట్టుకుని లాగాడు. మాటా మాటా పెరిగింది. స్టేజి మీద కృష్ణుడు రాగం మధ్యలో ఆపేసి నిలబడిపోయాడట. కమిటీ పెద్దాయన వచ్చి, "ఏంది రా అబ్బయ్యా ఈ యవ్వారం? చూసేదానికొచ్చినారా, ఆడేదానికొచ్చినారా? లేసి ఇంటికి పోండి" అని వీళ్ళనే పంపించేశాడు. కొంగు లాగినవాడు మాత్రం హాయిగా తెల్లారేదాకా నాటకం చూశాడు!

కుర్రాడి ప్రశ్న సూటిగా ఉంది. తిరుపతి జాతరలో ఈ వేషం వేసుకున్నవాడికి దణ్ణం పెడతారు, సినిమాలో హీరో వేసుకుంటే థియేటర్లో కాగితాలు చల్లుతారు, మా ఊళ్ళో నాటకానికి మేం వేసుకుపోతే తరిమేస్తారా, ఇదెక్కడి న్యాయం అన్నా, అని. నెల రోజులుగా వీధిలో పోతుంటే "ఏమ్మే" అని పిలుస్తున్నారట. ఇక జన్మలో నాటకానికి పోనని ఒట్టు పెట్టుకున్నాట్ట. మిగతాదెలా ఉన్నా, ఈ ఒట్టు దగ్గర నేను ఆగిపోయాను. అసలే రాత్రి నాటకానికి వచ్చే కుర్రాళ్ళు కరువు. వచ్చిన ముగ్గుర్నీ పోగొట్టుకుంటే ముందు వరసలో మిగిలేది ఇసకే!

అందుకని ఈ వారం సినిమా కబుర్లు పక్కన పెట్టి వేషం సంగతి మాట్లాడుకుందాం.

అసలు ఈ మాతంగి ఎవరు? "పుష్ప 2" 2024 డిసెంబరు 5న వచ్చింది గనక చాలామంది కుర్రాళ్ళు ఇది సుకుమార్ గారు కనిపెట్టిన గెటప్పు అనుకుంటున్నారు. కాదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ గుడి ఉంది. కొండమీది వెంకన్నకి చెల్లెలని ఆవిడకి పేరు. ఏటా జాతరకి తిరుమల నుంచి పుట్టింటి సారె వస్తుంది. జాతర మామూలుగా మే నెలలో. మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు, అక్కణ్ణించి వారం రోజులు ఊరు ఊరంతా వేషాలే.

దీని వెనక కథ సినిమా కథకేం తీసిపోదు. ఒక పాళెగాడు. ఊళ్ళో అందమైన ఆడపిల్ల కనపడితే చాలు, వాడి కన్ను పడేది. గంగమ్మ మీద కూడా చెయ్యి వెయ్యబోయాడు. ఆవిడ నిజరూపం చూసి హడలిపోయి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతకడానికి గంగమ్మ రోజుకో వేషం కట్టింది. మొదటిరోజు బైరాగి, ఒళ్ళంతా తెల్లసుద్ద. రెండోరోజు బండ వేషం, ఒళ్ళంతా కుంకుమ, నోటినిండా తిట్లు. మూడోరోజు తోటి, ఒళ్ళంతా బొగ్గు. ఎక్కడా దొరకలేదు. నాలుగోరోజు దొర వేషం కట్టింది. దొరగారొచ్చారంటే కింది పాళెగాడు ఎదురు రాక తప్పుతుందా? బయటికొచ్చాడు. తల తెగింది. ఐదో రోజు మాతంగి. అంటే చీర వేషం. చచ్చినవాడి పెళ్ళాన్ని ఓదార్చడానికి వెళ్ళిన వేషం అని చెబుతారు. విలన్ని చంపాక వాడి భార్య ఏమైందో పట్టించుకునే హీరో మన తెర మీద ఎంతమంది ఉన్నారో మీరే లెక్కేయండి. ఆరో రోజు సున్నపు కుండలు. ఏడో రోజు అసలు జాతర.

ప్రధాన వేషాలు కైకాల వంశం వారివి. అది వాళ్ళ హక్కు, వాళ్ళ బాధ్యత. కాని చూడ్డానికి వచ్చినవాళ్ళున్నారే, వాళ్ళు కూడా మొక్కుకుని అదే వేషం కడతారు. నేను చూసినప్పుడు మాతంగి రోజున రోడ్డు మీద స్కూటర్లు నడిపేవాళ్ళలో చీరలే ఎక్కువ. బానపొట్ట మీద జరీ అంచు, పెదాలకి రంగు, తలలో మల్లెపూలు, చంకలో పిల్లాడు. ఎవరూ నవ్వరు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళే కూర్చోబెట్టి చీర కడతారు, అక్క కుచ్చిళ్ళు సర్దుతుంది, చెల్లెలు కాటుక పెడుతుంది. చిన్నప్పుడు జబ్బు చేస్తే అమ్మ మొక్కుకుంటుంది, బతికి బట్టకట్టినవాడు పెద్దయ్యాక కూడా ఏటా చీర కట్టుకుని మొక్కు తీరుస్తాడు. ఎమోరీ యూనివర్సిటీలో పనిచేసిన జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికా ఆవిడ ఈ జాతర మీద ఏళ్ళ తరబడి తిరిగి 2013లో ఒక పుస్తకమే వేసింది. ఆ వారం రోజులూ లోకమంతా ఆడరూపు అయిపోతుందన్నట్టు పేరు పెట్టింది దానికి. చదవతగ్గ పుస్తకం.

తమిళనాడులో తూత్తుకుడి దగ్గర కులశేఖరపట్నం అని ఇంకో సముద్రపుటూరు ఉంది. జువ్వలదిన్నెలాగే అలల చప్పుడు వినపడే ఊరు. అక్కడ ముత్తారమ్మన్ గుడి దసరాకి మొక్కుకున్నవాళ్ళు కాళిక, పోలీసు, బిచ్చగాడు, కోతి, ఆడవేషం ఏదో ఒకటి వేసి వీధుల్లో అడుక్కుంటారు. వచ్చిన డబ్బు అమ్మవారిది. వేషం వేసినందుకు చెయ్యి చాచాలి, తల వంచాలి. అదీ అక్కడి పద్ధతి.

ఇప్పుడు మన కుర్రాడి గొడవకి వద్దాం. జాతరలో స్టేజి అంటూ ఉండదు. తెర ఉండదు, ముందు వరస ఉండదు, టిక్కెట్టు ఉండదు. ఊరే స్టేజి. వేషం కట్టినవాడూ, దణ్ణం పెట్టేవాడూ ఇద్దరూ ఆటలో ఉన్నవాళ్ళే. అక్కడ "చూసేదానికొచ్చినారా, ఆడేదానికొచ్చినారా" అని అడిగితే, రెండింటికీ అని జవాబు. రాత్రి నాటకం అలా కాదు. ఒకడు ఆడాలి, మిగతావాళ్ళు చూడాలి.

ఆ కృష్ణుణ్ణి కాస్త తలుచుకోండి. ఏ ఊరి నుంచో ట్రంకుపెట్టెతో బస్సెక్కి వచ్చాడు. కిరీటం, భుజకీర్తులు, పట్టుపంచె, అన్నీ అందులోనే. కొందరికి సొంతం, కొందరికి అద్దె. అర్జునుడెవరో, దుర్యోధనుడెవరో సాయంత్రం గ్రీన్‌రూములో పౌడరు పూసుకునేటప్పుడు గాని తెలియదు. రిహార్సలు లేదు. తిరుపతి వేంకట కవుల పద్యాలు ఉన్నాయి, హార్మోనియం ఉంది, గొంతు ఉంది. వాటితో తెల్లారేదాకా జనాన్ని కూర్చోబెట్టాలి. పద్యం బాగుంటే "వన్స్ మోర్", ఆపైన ఎవరో ఒకరు డబ్బు చదివిస్తారు, మైకులో పేరు చెబుతారు. ఆ రాత్రికి ఆయన సంపాదన అదీ, ఒప్పుకున్న పారితోషికమూను. అలాంటివాడు పద్యం ఎత్తుకోగానే జనం తలలన్నీ అటు కాక ఇటు తిరిగితే? స్టేజి కంటే ముందు వరస ఎక్కువ మెరిసిపోతే? కడుపు కొట్టినట్టే.

అంచేత పెద్దాయన అడిగిన ప్రశ్న తప్పు కాదు. ప్రపంచంలో పెద్ద పెద్ద హాళ్ళన్నీ ఆ ప్రశ్న దగ్గర తంటాలు పడ్డవే.

1830 ఫిబ్రవరి 25న పారిస్‌లో కొమెదీ ఫ్రాన్సేజ్ అనే పెద్ద నాటకశాలలో విక్టర్ హ్యూగో రాసిన "ఎర్నానీ" మొదటి ఆట. పాత పద్ధతి వాళ్ళు గోల చేస్తారని తెలిసి హ్యూగో తరఫున కుర్రకారు మధ్యాహ్నమే హాల్లో దిగిపోయారు. అక్కడే తినేశారు కూడా! మన బెనిఫిట్ షోలకి ఏ మాత్రం తగ్గదు. వాళ్ళలో తియోఫిల్ గోతియే అని పద్దెనిమిదేళ్ళవాడు. అందరూ నల్లకోట్లలో ఉంటే వీడు భగ్గుమనే ఎర్ర వెయిస్ట్‌కోటు కుట్టించుకుని వచ్చాడు. హాలంతా నాటకం మానేసి వాడి పొట్ట వంకే చూసింది. తర్వాత పెద్ద రచయిత అయ్యాడు, కవిత్వం రాశాడు, నవలలు రాశాడు. అయినా జనానికి గుర్తున్నది ఆ ఎర్రకోటే అని ముసలితనంలో తనే రాసుకున్నాడు. ఒక్క రాత్రి వేసిన వేషం, బతుకంతా అంటుకుంది.

ఇంకో రకం ఉంది. లండన్‌లో 1973లో రాయల్ కోర్ట్ థియేటర్ మేడమీద, అరవై మూడు సీట్ల చిన్న గదిలో "రాకీ హారర్ షో" అని ఒక నాటకం మొదలైంది. రాసింది రిచర్డ్ ఓబ్రయన్. అందులో హీరో అనాలో విలన్ అనాలో తెలియని డాక్టరు ఒకడు ఆడవాళ్ళ లోదుస్తులు, ఎత్తు మడమల చెప్పులు వేసుకుని పాటలు పాడతాడు. 1975లో సినిమా తీస్తే ఫట్టుమంది. కాని 1976లో న్యూయార్కులో వేవర్లీ అనే హాల్లో అర్ధరాత్రి ఆటలు వేయడం మొదలెట్టాక కుర్రాళ్ళు పదే పదే రావడం, డైలాగులకి ఎదురు డైలాగులు కొట్టడం, చివరికి ఆ పాత్రల వేషాలే కట్టుకుని రావడం మొదలైంది. తెర మీద పెళ్ళి జరిగితే హాల్లో బియ్యం చల్లేవారు. మన తలంబ్రాలే అనుకోండి! తెర మీద వాన పడితే నెత్తిన న్యూస్‌పేపరు పెట్టుకునేవారు. సినిమా నుంచి ఆ అలవాటు తిరిగి నాటకానికి పాకింది. ఇప్పటికీ ఆ నాటకం ఎక్కడ వేసినా జనంలో సగం మంది వేషాలతో వస్తారు.

అక్కడ గొడవ ఎందుకు కాదూ అంటే, నాటకం దానికి చోటు ఇచ్చింది. జనం ఎక్కడ అరుస్తారో స్టేజి మీదివాడికి తెలుసు, కథ చెప్పే పాత్రధారి దానికి బదులు సిద్ధం చేసుకుని ఉంటాడు. అయినా హాళ్ళవాళ్ళు చాలామంది, వేషం వేసుకోండి గాని బియ్యం, నీళ్ళు లోపలికి తేవద్దు అని బోర్డు పెడతారు. నటుడి కాలు జారుతుంది మరి.

దీనికి పూర్తిగా తిరగేసిన కథ ఇంకొకటి. న్యూయార్కులో 2011 నుంచి 2025 జనవరి దాకా "స్లీప్ నో మోర్" అని ఆడింది. షేక్స్‌పియర్ "మాక్‌బెత్" ఆధారం. ఒక పెద్ద భవనం, అంతస్తుల నిండా గదులు, నటులు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరిగెడుతుంటే జనం వెంటపడి చూడాలి. లోపలికి వెళ్ళేవాళ్ళందరికీ ఒకే రకం తెల్ల మాస్కు ఇచ్చేవారు. తియ్యకూడదు, మాట్లాడకూడదు. వందలమంది ప్రేక్షకులు వేషంలో ఉన్నట్టే, కాని ఎవరూ ఎవరికీ కనపడరు! గోతియే వేషం కనపడ్డానికి, వీళ్ళ వేషం కనపడకుండా ఉండడానికి.

తమ్ముడూ, నీ చీర ఈ రెండింటిలో దేనికి దగ్గర? నిజం చెప్పు. ముందు వరస ఎంచుకున్నావంటే నాకు కొంచెం అనుమానమే!

అయితే పెద్దాయన న్యాయం సగమే చేశాడు. ప్రశ్న వీళ్ళని అడిగాడు, కొంగు లాగినవాణ్ణి అడగలేదు. వేషం వేసుకుని కూర్చోవడం మర్యాద కాకపోవచ్చు, కొంగు లాగడం మాత్రం ఏ లెక్కలోనూ ఆట కాదు. రాయబారానికి ముందే ఒక కొంగు లాగుడు జరిగి ఉండబట్టే ఆ కృష్ణుడు స్టేజి ఎక్కి రాయబారం నడపాల్సొచ్చింది. ఆ నాటకం చూస్తూ అదే పని చేసినవాడికి తెల్లవార్లూ కూర్చున్నా ఏమర్థమైనట్టు? గంగమ్మ కథలో చూసుకున్నా, చీర కట్టినవాడు అమ్మవారి పార్టీ, ఈల వేసి కొంగు పట్టినవాడు పాళెగాడి పార్టీ. జువ్వలదిన్నె గట్టున నిలబడి సముద్రాన్ని గంగమ్మ తల్లీ అని మొక్కి పడవెక్కేవాళ్ళ ఊళ్ళో ఈ సంగతి నేను చెప్పాలా?

పైగా మగవాడు చీర కడితే నవ్వేది నాటకం ముందు కూర్చునా? తెలుగు నాటకం ఎన్నో ఏళ్ళు నిలబడిందే మగవాళ్ళు కట్టిన చీరల మీద. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే, ఆయన చీర కట్టు, నడక చూసి ఆడవాళ్ళు నేర్చుకునేవారని మా పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. మరాఠీ వాళ్ళకి బాల గంధర్వ అలాగే. ఆయన కట్టిన చీరలు, పెట్టిన నగలు పుణే, బొంబాయి ఆడవాళ్ళకి ఫ్యాషను. స్టేజి మీదివాడి వేషం ప్రేక్షకుల ఇళ్ళల్లోకి నడిచి వెళ్ళింది, అదీ మగవాడి దగ్గర్నుంచి ఆడవాళ్ళకి! కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ గారి సత్యభామ గురించి వేరే చెప్పక్కర్లేదు. పద్యనాటకాల్లో బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 2019లో పోయారు, నిన్నమొన్నటి మాట. వీళ్ళెవర్నీ "ఏమ్మే" అన్నవాడు లేడు. అన్నా మనకి వాడి పేరు తెలియదు.

స్టేజి మీదైనా కొన్ని వేషాలకి నియమం ఉంది. తంజావూరు దగ్గర మేలట్టూరులో ఏటా నరసింహ జయంతికి భాగవత మేళం ఆడతారు. మాట్లాడేది తమిళం, ఆడేది తెలుగు నాటకాలు. వెంకటరామశాస్త్రి గారు రాసినవి. అక్కడ ప్రహ్లాద చరిత్రలో నరసింహుడి ముఖం గుళ్ళో ఉండి పూజలందుకుంటుంది. అది పెట్టుకునేవాడు ఉపవాసం ఉంటాడు. చూసేవాళ్ళు దణ్ణం పెడతారు. అద్దం ముందు కూర్చుని ఓ సెల్ఫీ తీసుకుని పెట్టుకునే ముఖం కాదది.

మనకి ఈ తేడా పూర్వం బాగానే తెలుసు. పగటివేషగాడు ఇంటి ముందుకొచ్చి అర్ధనారీశ్వరుడు కడితే చేట నిండా బియ్యం పోసేవారు. రికార్డింగ్ డ్యాన్సులో డూప్ ఎన్టీ రామారావు వస్తే ఈలలు వేసేవారు. రెండూ ఒకే కంటితో చూసినా, ఏది ఎలా చూడాలో ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఇప్పుడు జాతర వేషం సినిమాలోకి వెళ్ళి, సినిమా లోంచి ఫోన్లోకి వెళ్ళి, ఫోన్లోంచి జువ్వలదిన్నె ఇసకలోకి వచ్చి కూర్చుంది. నాలుగు చేతులు మారేసరికి దాంతోపాటు రావాల్సిన నియమం దారిలో ఎక్కడో జారిపోయింది. అది కుర్రాళ్ళ తప్పని నేననను. సినిమా రెండు మూడు గంటల్లో చీర చూపించగలదు, చీర కట్టే ముందు ఇంట్లో ఏం జరుగుతుందో అంతా చూపించలేదు.

అంచేత జువ్వలదిన్నె తమ్ముడికి నేను చెప్పేదిది. ఒట్టు గట్టు మీద పెట్టు. వచ్చే కొలుపుకి నాటకం పెడితే వేషం వేసుకునే పో. కాకపోతే సాయంత్రమే పో. తిన్నగా గ్రీన్‌రూముకి పోయి కృష్ణుడు కట్టే ఆయనకి నమస్కారం పెట్టి, అయ్యా మేం ఇలా వచ్చాం, ఎక్కడ కూర్చోమంటారు అని అడుగు. మేకప్పు ఆయన నీ మొహం మీది నీలం చూసి నవ్వి, చెమటకి కారకుండా ఎలా పుయ్యాలో చూపిస్తాడు. జింక్ ఆక్సైడు, కొబ్బరినూనె మర్మం వాళ్ళకే తెలుసు. నాంది అయ్యేదాకా మీ ఇష్టం, ఫోటోలు దిగండి. తెర లేచాక పక్కకి, చివరి గుంజ దగ్గరికి జరగండి. పద్యం నడుస్తుంటే గాజులు చప్పుడు కానీయకండి. నచ్చితే ముగ్గురూ కలిసి వంద రూపాయలు చదివించండి, మైకులో "మాతంగులు ముగ్గురు" అని చెప్పమనండి! అప్పుడు జనం మీ వంక తిరిగినా కృష్ణుడేమీ అనుకోడు.

కమిటీ పెద్దాయనకి కూడా ఒక మాట. ఈసారి లేపి పంపేటప్పుడు వెనక వరస కూడా ఒకసారి చూడండి.

ఇంతకీ తిరుపతి జాతరకి పోవాలనుకునే కుర్రాళ్ళకి ముందే చెబుతున్నాను. చాటింపు వేసిన రాత్రి ఊళ్ళో ఉన్నవాళ్ళు జాతర ముగిసేదాకా పొలిమేర దాటి బయట నిద్ర చెయ్యకూడదని పాత కట్టుబాటు. రిటర్న్ టిక్కెట్టు కొనేవాళ్ళు అది చూసుకుని కొనండి.